ఎర్ర కారూ తడి గోనెసంచీ

ఒక ఏడాది మా ఇంట్లో ఆవకాయ లేదు.

ఈ వాక్యం చదివి మీరు తాపీగా రెండో వాక్యంలోకి వచ్చేశారంటే మీకు ఆవకాయ అలవాటు లేదన్నమాట. అలవాటున్నవారైతే ఈపాటికి గుండెల మీద చెయ్యి వేసుకుని, "అయ్యో, ఇంట్లో ఎవరికైనా ఏమైనా అయిందా?" అని అడిగి ఉంటారు. ఎవరికీ ఏమీ కాలేదండి. తుపాను రాలేదు, వరద రాలేదు, అగ్నిప్రమాదం జరగలేదు. నేను వచ్చాను. అదీ ఇటలీ నుంచి దిగిన ఒక ఎర్రటి స్పోర్ట్సు కారులో, పైకప్పు తీసేసి, నల్ల కళ్లద్దాలు పెట్టుకుని, మే నెల మిట్టమధ్యాహ్నం తిరువూరు మెయిన్ రోడ్డు మీదికి వచ్చాను. ఆ రాకతో మా ఇంటి జాడీలు ఏడాది పాటు బోర్లాపడి ఉన్నాయి.

ముందు ఆ వేసవి సంగతి చెప్పాలి. మా ఊళ్లో ఎండ కొత్త కాదు. కానీ ఆ ఏడు ఎండ ఊరికే కాయలేదు, పగబట్టి కాసింది. కాకులు ఎగరడం మానేసి రోడ్డు మీద నడిచి వెళ్లేవి, ఎగిరితే సూర్యుడికి ఇంకా దగ్గరవుతామని. కొళాయి తిప్పితే టీ పొడి వేసుకోవడమే తరువాయి. మా వీధి కుక్క పొద్దున్న మా అరుగు కింద పడుకుని, నీడతో పాటు జరుగుతూ జరుగుతూ సాయంత్రానికి ఎదురింటి కుక్క అయిపోయేది.

తర్వాత మా అత్తగారి సంగతి. ఆవిడది గంపలగూడెం. మా పెళ్లయిన నాటి నుంచి ఆవిడ నాతో నేరుగా ఒక్క మాట మాట్లాడలేదు. కోపమనుకునేరు, కాదు, మర్యాద. అల్లుడి ఎదుట నిలబడి అత్త మాట్లాడకూడదని వాళ్ల ఇంటి పద్ధతి. అందుకని నాకు చెప్పాల్సినవన్నీ మా ఆవిడ పద్మ ద్వారా వస్తాయి, నేను మూరెడు దూరంలో కూర్చుని ఉన్నా సరే.

"అమ్మాయ్, అల్లుడుగారికి ఇంకో గరిటె పప్పు కావాలేమో కనుక్కో."

"వద్దని చెప్పు పద్మా."

"వద్దంటున్నారమ్మా."

"మొహమాటమేమో కనుక్కో."

ఒకసారి నా కుర్చీ కింద తేలు కనిపించింది. ఆవిడ చూశారు. "అమ్మాయ్, అల్లుడుగారిని కాళ్లు పైన పెట్టుకోమని చెప్పు" అన్నారు. పద్మ పెరట్లో బట్టలు ఆరేస్తోంది. పద్మ వచ్చేదాకా ఆవిడా ఆగారు, తేలూ ఆగింది. నేను మాత్రం ఆగలేదు, బల్లెక్కేశాను. ఆవిడ పద్ధతి అంత గట్టిది.

ఏటా మే నెలలో ఆవిడ మా ఇంటికొచ్చి ఆవకాయ పెడతారు. కాయ ఎక్కడపడితే అక్కడిది పనికిరాదు. రెడ్డిగూడెంలో ఆవిడ అక్కగారి మామిడితోట ఉంది. ఆ తోటలో బావి పక్కన ఒకే ఒక్క పుల్ల మామిడి చెట్టుంది. ఆ చెట్టు కాయే కావాలి. టెంక ముదిరి, కండ రాయిలా ఉండి, పులుపుకి చెవులు మూసుకుపోవాలి. కోసిన పూటే ఇంటికి రావాలి, వచ్చిన పూటే ముక్కలవ్వాలి. ఆ కాయలు తెచ్చే పని అల్లుడిగా నాకు దఖలుపడ్డ ఏకైక బాధ్యత. ప్రతి ఏడూ నా పాత స్కూటరు మీద తెచ్చేవాణ్ని. ప్రతి ఏడూ సవ్యంగా తెచ్చాను కూడా. ఆ విషయం ఎవరూ చెప్పరు కాబట్టి నేనే చెబుతున్నాను.

ఇక కారు సంగతి. పద్మ తమ్ముడు కిషోర్ హైదరాబాదులో వ్యాపారం చేస్తాడు. ఇలాంటి యూరప్ స్పోర్ట్సు కార్లున్న వాళ్లంతా గుంపుగా చేరి ఏటా ఒక టూరు వేస్తారు. మే నెలలో టూరేమిటని అడక్కండి. డిసెంబరులో అనుకున్నారట. అందరికీ ఒకేసారి ఖాళీ దొరికేసరికి మే వచ్చింది. హైదరాబాదులో బయలుదేరి, సముద్రం దాకా వెళ్లి, విజయవాడ దగ్గర కృష్ణ ఒడ్డున ఒక రిసార్టులో ముగించడం కార్యక్రమం.

"బావా, పక్క సీటు ఖాళీగా ఉంది, రాకూడదూ?" అన్నాడు కిషోర్.

వెళ్లాను. దారి అడగడం, మజ్జిగ కొనడం, ఆగినచోటల్లా చుట్టూ మూగిన జనానికి సమాధానం చెప్పడం నా ఉద్యోగం. చీరాల దగ్గర ఒక పెద్దాయన కారు చుట్టూ ప్రదక్షిణం చేసి అడిగాడు.

"ఇందులో వడ్లబస్తా పడుద్దా అండీ?"

"పడదండి."

"పోనీ, ఇంటిల్లిపాదీ పడతారా?"

"ఇద్దరే పడతారండి."

ఆయన నా భుజం మీద చెయ్యి వేసి, "పోన్లెండి, ఉన్నదాంతో సర్దుకోవాలి" అని ఓదార్చి వెళ్లాడు.

కారులో ముందొక డిక్కీ, వెనకొక డిక్కీ. మధ్యలో మేమిద్దరం. మరి ఇంజనెక్కడ అన్న అనుమానం నాకెందుకు రాలేదో ఇప్పటికీ అర్థం కాదు. ఇంట్లో నీళ్ల మోటారు ఎక్కడుందో ఆలోచించుకుని స్నానం చేస్తామా? ఇదీ అంతే. ఆ గర్జన మాత్రం నా వీపు వెనక నుంచి వచ్చేది. మనం పోతున్న వేగానికి శబ్దం పాపం అందుకోలేక వెనకబడిపోతోందనుకున్నాను. నవ్వకండి. ఆ మాట నేను రిసార్టులో భోజనాల దగ్గర నలుగురిలో అన్నాను కూడా. వాళ్లు నవ్వారు. జోకు బాగా పేలిందని సంతోషించాను.

టూరు ముగిసిన మర్నాడు కార్లన్నీ లారీలెక్కి ఇళ్లకు బయలుదేరాయి. అవునండి, అంత పరుగెత్తే కార్లూ ఎండకి భయపడి లారీ ఎక్కాయి. కిషోర్ పని మీద అటునుంచటే చెన్నై వెళ్లాలి. కారు మా ఇంట్లో కొన్నాళ్లు షెడ్డులో ఉంచుదామని మాట.

"లారీలో తిరువూరు పంపించేస్తా బావా" అన్నాడు.

"నేనుండగా లారీ ఎందుకు కిషోరూ? నేను తీసుకెళతా" అన్నాను.

"ఎండ బావా."

"ఎండలో పుట్టాం, ఎండలో పెరిగాం."

నా లోపలి మాట వేరు. ఆ కారు లారీ మీద ఊళ్లోకి వస్తే ఎవరు చూస్తారు? చూసినా, అందులో నేనుండను కదా! అదే నేను నడుపుకుంటూ, పైకప్పు తీసేసి మెయిన్ రోడ్డు మీద వస్తుంటే! ఇన్నేళ్లుగా నన్ను స్కూటరు మీద చూసి చూసి విసిగిపోయిన తిరువూరు ప్రజానీకం మీద నాకు జాలి కలిగింది.

కిషోర్ తాళాలు ఇస్తూ అన్నాడు, "పైకప్పు మూసుకుని, ఏసీ వేసుకుని వెళ్లు. ముందు డిక్కీలో నా బ్లేజరూ, మనకొచ్చిన బహుమతి కప్పూ ఉన్నాయి, కదపకు. వెనక డిక్కీలో మాత్రం ఏమీ పెట్టకు బావా. ఎందుకంటే..."

అప్పుడు అతని ఫోను మోగింది. కారణం చెప్పకుండానే ఫోను చెవిన పెట్టుకుని రైలుకి వెళ్లిపోయాడు. నేనేమీ బాధపడలేదు. కారణం నాకు తెలుసు. గీతలు పడతాయని! డబ్బున్నవాళ్లకి గీతలంటే ప్రాణం మీదికొచ్చినట్టుంటుంది.

పొద్దున్నే బయలుదేరితే చల్లగా పోవచ్చు. కానీ పొద్దున్నే వెళితే జనం పళ్లు తోముకుంటూ ఉంటారు, ఆ నురగ నోటితో ఏం మెచ్చుకుంటారు? అందుకని రిసార్టులో టిఫిను రెండు విడతలుగా తిని, ఎండ బాగా ముదిరాక కదిలాను. పైకప్పు తీసేసి ఉండటం వల్ల సీటు అప్పటికే అట్లపెనంలా కాగింది. కూర్చున్నాను. లేచాను. మళ్లీ కూర్చున్నాను. మళ్లీ లేచాను. దూరం నుంచి చూసే వాచ్‌మన్, నేను కారుకి దండాలు పెడుతున్నాననుకున్నాడు. సీసాడు నీళ్లు సీటు మీద పోస్తే చుయ్‌మంది. స్టీరింగుకి తువ్వాలు చుట్టాను. ఇంకో తువ్వాలు తడిపి తలకి చుట్టాను. దాని మీద నల్ల కళ్లద్దాలు. అద్దంలో చూసుకుంటే విదేశీ సినిమా హీరోలా ఉన్నాను. మర్నాడు పద్మ చెప్పింది, తేనె పట్టేవాడిలా ఉన్నానని.

మైలవరం దాకా స్పీడు బ్రేకర్లే స్పీడు బ్రేకర్లు. ఆ కారు పొట్టకీ నేలకీ మధ్య చీమ తలవంచుకుని వెళ్లాలి. ప్రతి దిబ్బ దగ్గరా, బురదలో కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని నడిచే పేరంటాలిలా, ఏటవాలుగా తిరిగి, ఒక్కో చక్రాన్నీ బుజ్జగించి దాటించాను. నా పక్క నుంచి తిరువూరు బస్సు వెళ్లిపోయింది. కిటికీలోంచి ఒకావిడ నన్ను చూసి "అయ్యో" అంది. అసూయ అనుకున్నాను.

ఈలోగా పద్మ ఫోను.

"ఎక్కడున్నారు? అమ్మ ఆవపిండి, కారం, ఉప్పు, నూనె అన్నీ ముందేసుకుని కూర్చుంది. వీధిలో వాళ్లందరూ సాయానికొచ్చారు."

వెనక నుంచి అత్తగారి గొంతు, "అమ్మాయ్, కాయలు మెత్తబడకుండా చల్లగా తెమ్మని చెప్పు."

"విన్నారుగా?"

"విన్నాను. చల్లగా తెస్తానని చెప్పు."

"చల్లగా తెస్తారటమ్మా."

పాఠకులారా, ఆ మాట గుర్తుంచుకోండి.

రెడ్డిగూడెంలో తోట ముందు కారు ఆపాను. అత్తగారి అక్కగారు, మా పెద్దత్తయ్య, నీడలో నులకమంచం మీద కూర్చుని ఉన్నారు. చెల్లెలు నాతో మాట్లాడకుండా మిగిల్చిన మాటలన్నీ ఈవిడ మాట్లాడేస్తారు. కారుని ఎగాదిగా చూశారు. ఎగా చూడటానికేమీ లేదు, దిగానే చూశారు.

"ఏమయ్యా అల్లుడూ, దీని మీద నుంచి లారీ ఏమన్నా పోయిందా?"

"లేదత్తయ్యా, దాని ఎత్తే అంత."

"అయ్యో పాపం. మరి పైన కప్పేదీ?"

"మడిచి లోపల పెట్టాం."

"ఇంత ఎండలో మడిచి పెడితే ఇంకెప్పుడు కప్పుతారు? చలికాలంలోనా?"

"చలికాలంలోనూ తీసేస్తారత్తయ్యా. అదే దీని అందం."

"మరి వానాకాలం?"

"వానాకాలం బయటికి తియ్యరు."

పెద్దత్తయ్య కాసేపు ఆలోచించారు. "మా ట్రాక్టరు నయంగా" అన్నారు.

తర్వాత గంప చూపించారు. అప్పుడు మాత్రం ఆవిడ గొంతు తగ్గింది. "వడగాలికి తోటంతా రాలిపోయిందయ్యా. బావి పక్క చెట్టుకి ఇదిగో, ఈ గంపెడే నిలిచింది. కోతులు రాకుండా నేనే మంచమేసుకుని కాపలా కాశా. మా చెల్లెలు నిన్నటి నుంచీ ఒకటే ఫోన్లు. ఇవి గనక పాడైతే ఈ ఏటికి మీకూ లేదు, మాకూ లేదు. సగం జాడీ నాకు పంపమని చెప్పు."

కాయలు చూద్దును కదా, ఆకుపచ్చటి గుండ్రాళ్లు! ముచికల దగ్గర సొన ఇంకా ఆరలేదు. ఒక దాన్ని వేలితో కొడితే టంగుమంది.

"పక్క సీట్లో పెట్టుకో" అన్నారు పెద్దత్తయ్య.

ఇక్కడ నా జీవితం మలుపు తిరిగింది. పక్క సీట్లో! ఇటలీ కారు పక్క సీట్లో మామిడికాయల గంపా! తీరా తిరువూరు మెయిన్ రోడ్డు మీద జనం చూసి, "ఆహా, మామిడికాయల బేరం పెట్టాడు" అనుకుంటే? ముందు డిక్కీలో కిషోర్ బ్లేజరు రాజావారిలా పడుకుని ఉంది. కదపొద్దన్నాడు. ఇక మిగిలింది వెనక డిక్కీ. అందులో ఏమీ పెట్టొద్దన్నాడు. పెట్టొద్దన్నది గీతలు పడతాయని కదా? అడుగున గోనెసంచి పరిస్తే గీతలెలా పడతాయి? నా తెలివికి నేనే ముగ్ధుణ్నయిపోయాను.

డిక్కీ మూత ముట్టుకుంటే చుర్రుమంది. నేనేమీ అనుకోలేదు. ఆ రోజు ఏది ముట్టుకున్నా చుర్రుమంటూనే ఉంది.

"ఉండు, గోనెలు తడిపిస్తా" అన్నారు పెద్దత్తయ్య. "కిందా పైనా తడిగోనె వేస్తే చల్లగా ఉంటాయి. ఏటా అంతేగా."

గోనెసంచుల్ని తొట్లో ముంచి, నీళ్లు కారుతుండగా ఒకటి అడుగున పరిచాం. కాయలు పేర్చాం. పైన ఇంకోటి కప్పి, అంచులు దోపి, మూత బిగించాం. ఇడ్లీలు పెట్టడం తెలిసినవాళ్లెవరైనా ఈ వరస చూస్తే వెంటనే గుర్తుపట్టేవారు. నేను ఇడ్లీలు తినడమే కానీ పెట్టడం ఎరగను.

విస్సన్నపేట దగ్గర మొదటిసారి ఆ వాసన తగిలింది.

ఆహా! పుల్లపుల్లగా, కమ్మగా, ఉడుకుతున్న మామిడికాయ వాసన. ఎవరింట్లోనో మామిడికాయ పప్పు పెట్టారు కాబోలు, అదృష్టవంతులు అనుకున్నాను. ఊరు దాటాను. వాసన దాటలేదు. పత్తి చేల మధ్య ఇళ్లే లేని చోట కూడా ఘుమఘుమలాడుతోంది. చేలో ఎవరో పొయ్యి పెట్టి వండుతున్నారనుకున్నాను. తర్వాతి ఊళ్లోనూ అదే వాసన. ఆ తర్వాతి ఊళ్లోనూ అదే. మండలమంతా ఒకే పూట ఒకే కూర వండుకుంటోందంటే మనవాళ్లలో ఎంత ఐకమత్యం వచ్చిందో అని నాకు కళ్లు చెమర్చాయి. కళ్లద్దాల లోపల ఆ చెమ్మ అక్కడికక్కడే ఆవిరైపోయింది.

తిరువూరు వచ్చాను. తువ్వాలు సర్దుకున్నాను, కళ్లద్దాలు సర్దుకున్నాను, మొహం మీదికి ఒక నిర్లక్ష్యం తెచ్చుకున్నాను. మెయిన్ సెంటర్లోకి మలుపు తిరిగాను.

ఒక్క నరపురుగు లేదు.

షట్టర్లు సగానికి దించి ఉన్నాయి. ఆటోలున్నాయి, ఆటోవాళ్లు లేరు. బస్సు కోసం కూడా ఎవరూ నిలబడలేదు. ఒక ఆవు చెప్పుల షాపు నీడలో నిలబడి ఉంది. అది నన్ను చూసింది. నేను దాన్ని చూశాను. అది కళ్లు మూసుకుంది.

ఇంత శ్రమా ఆవు పాలు కావడానికి వీల్లేదు. సెంటరు చుట్టూ ఒక చుట్టు తిరిగాను. ఎవరూ రాలేదు. ఇంకో చుట్టు తిరిగాను. ఊహూఁ. ఇలా కాదని మధ్యలో ఆపి, ఇంజను ఆపకుండా యాక్సిలరేటరు తొక్కి పట్టాను. నా వీపు వెనక సింహం గర్జించింది. కిటికీ అద్దాలు కదిలాయి. తొక్కాను, తొక్కాను, ఊరంతా లేచేదాకా తొక్కాలనుకున్నాను. కాలు నొప్పెడితే రెండో కాలు పెట్టి తొక్కాను.

చివరికి మెడికల్ షాపు సుబ్బారావుగారు షట్టరు కిందనుంచి తల బయటికి పెట్టారు. రోజూ నాతో టీ తాగే మనిషి. నన్ను చూసి కంగారుగా పరుగెత్తుకొచ్చారు. మెచ్చుకుంటారని నవ్వుతూ తల ఎత్తాను.

"ఎవరండీ మీరు? ఎండదెబ్బ తగిలిందా? లోపలికి రండి, ఓఆర్ఎస్ కలిపిస్తా."

"నేనేనండీ సుబ్బారావుగారూ!" అని తువ్వాలు తీశాను.

"ఓర్ని, మీరా! మీకేమైందండీ? ఎందుకిలా తిరుగుతున్నారు, ఏమన్నా పోయిందా?"

"ఏమీ పోలేదు. కారు ఎలా ఉంది?"

ఆయన కారుని చూడలేదు. ముక్కు పైకెత్తి గాలి పీల్చారు. "మామిడికాయ పప్పు వాసనొస్తోందండి."

"మీ ఇంట్లోదే అయ్యుంటుంది."

"మా ఇంట్లో ఇవాళ సొరకాయండి" అన్నారాయన దిగులుగా. తర్వాత కారు వెనక్కి వంగి, "మీ కారుకి ఇక్కడ కాస్త పొగొస్తోందండోయ్" అన్నారు.

"స్పోర్ట్సు కారన్నాక పొగ రాదా?" అని చెప్పి, ఆ ఒక్క సాక్షితో తృప్తిపడి ఇంటి దారి పట్టాను.

మా ఇంటి ముందు పందిరి వేసి ఉంది. చాపలు పరిచి ఉన్నాయి. ఆవపిండి ఒక పళ్లెంలో, కారం ఒక పళ్లెంలో, ఉప్పు ఒక పళ్లెంలో గుట్టలు పోసి ఉన్నాయి. కడిగి ఎండబెట్టిన జాడీలు పెళ్లివారి ముందు నిలబడ్డ బంధువుల్లా వరసగా ఉన్నాయి. కత్తిపీటల ముందు వీధిలో ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు. మధ్యలో పట్టుచీరలో మా అత్తగారు. ఆవకాయ పెట్టే రోజు ఆవిడ పట్టుచీర కడతారు, దేవుడి పనితో సమానమని.

"అమ్మాయ్, కాయలు వచ్చాయేమో కనుక్కో."

"వచ్చాయా అండీ?" అంది పద్మ.

"వచ్చాయి. చల్లగా వచ్చాయి!" అని హుందాగా దిగి, వెనక్కి వెళ్లి, నాటకంలో తెర తీసినట్టు డిక్కీ మూత ఎత్తాను.

భగ్గుమని ఆవిరి లేచింది. పందిరంత ఎత్తు లేచింది. నా కళ్లద్దాలు తెల్లబడిపోయాయి. నాకేమీ కనిపించలేదు కానీ వినిపించింది. వీధి మొత్తం ఒకేసారి "ఆహా, ఏం వాసన!" అంది.

అద్దాలు తుడుచుకుని చూసేసరికి అత్తగారు నా పక్కనే ఉన్నారు. గోనెసంచి కొస పట్టుకుని పైకెత్తారు. రెడ్డిగూడెంలో టంగుమన్న గుండ్రాళ్లు పసుపుపచ్చగా మారి, తొక్కలు చిట్లి, ఒకదాని మీద ఒకటి తలలు వాల్చి నిద్రపోతున్నాయి. ఆవిడ ఒక కాయ తీసి బొటనవేలితో నొక్కారు. వేలు ఇటునుంచి వెళ్లి టెంక దాకా దిగిపోయింది.

నేను నేలను చూశాను. బావి పక్క చెట్టు, కాపలా కాసిన పెద్దత్తయ్య, సగం జాడీ మాట, అన్నీ కళ్ల ముందు తిరిగాయి. నిజం చెప్పొద్దూ, ఆ క్షణాన నాకు ఏడుపొచ్చింది.

అత్తగారు పద్మ వైపు తిరిగారు, ఎప్పటిలా నాకు కబురు చెప్పడానికి. పద్మ కొంగు నోట్లో కుక్కుకుని జాడీ మీదికి వాలిపోయి ఉంది. నవ్వుకి భుజాలు కదులుతున్నాయి కానీ గొంతు రావడం లేదు. అత్తగారు పక్కింటావిడని చూశారు. ఆవిడా నవ్వుతోంది. కబురు చేరవేసే నోరు ఆ వీధిలో ఒక్కటీ మిగల్లేదు.

అప్పుడు మా అత్తగారు, ఇన్నేళ్ల పద్ధతి పక్కన పెట్టి, నా కళ్లలోకి సూటిగా చూసి, మొట్టమొదటిసారి నాతో మాట్లాడారు.

"ఉప్పేశారా?"

"లేదండి" అన్నాను వినయంగా.

"అదే తక్కువైంది" అని కాయని పళ్లెంలో పెట్టారు.

ఆ పూట మా వీధి మొత్తానికి మామిడికాయ పప్పు. రాత్రికి పులిహోర. మిగిలిన గుజ్జులో బెల్లం, ఏలకులు వేసి నీళ్లు కలిపి నాకు గ్లాసుల మీద గ్లాసులు తాగించారు. ఎండదెబ్బకి అదే మందట. అంటే నాకు తగిలిన దెబ్బకి మందు కూడా నేనే ఉడకబెట్టుకొచ్చానన్నమాట. సొరకాయ మనిషి సుబ్బారావుగారికి ఒక గిన్నె పంపించాం. రెడ్డిగూడేనికి ఫోను చేసి చెప్పే ధైర్యం నాకు లేకపోతే పద్మే చేసింది. అవతలి నుంచి పెద్దత్తయ్య మాట గది అవతల నాకు కూడా వినిపించింది. "ట్రాక్టరు నయమని అప్పుడే చెప్పాగా!"

సాయంత్రం కిషోర్ ఫోను చేశాడు.

"బావా, కారు క్షేమంగా చేరిందా?"

"కారు క్షేమమే" అన్నాను.

అత్తగారు నా చేతిలోంచి ఫోను తీసుకున్నారు. "ఒరేయ్, నీ కారు బాగా ఉడకబెడుతోందిరా. రేపు కందిపప్పు పెట్టి చూద్దామనుకుంటున్నాం."

"వెనక డిక్కీలో పెట్టారా?" అని కిషోర్ అరిచిన అరుపు అందరికీ వినిపించింది. "దాని ముందే ఇంజనుంటుందమ్మా! అందుకేగా పెట్టొద్దన్నా! బావకి చెప్పాను కదా!"

"నువ్వు గీతల గురించి చెప్పావనుకున్నా" అన్నాను దూరం నుంచే.

"ముందు డిక్కీ ఫ్రిజ్జులా ఉంటుంది బావా! బ్లేజరు పక్కకి జరిపి పెట్టొచ్చుగా?"

వెళ్లి ముందు డిక్కీ తీశాం. నిజమే. బ్లేజరు చల్లగా, హాయిగా, మడత నలగకుండా పడుకుని ఉంది. దాని పక్కన టూరులో వచ్చిన వెండి రంగు కప్పు. ఆ కప్పుని అత్తగారు తిప్పి తిప్పి చూసి, "అమ్మాయ్, కారం కొలవడానికి బాగుంటుంది, లోపల పెట్టు" అన్నారు. కిషోర్ ఇప్పటికీ అడుగుతున్నాడు. మేం ఇప్పటికీ కొలుస్తున్నాం.

ఆ ఏడాదంతా భోజనానికొచ్చిన ప్రతి చుట్టమూ, "ఆవకాయ ఏదమ్మా?" అని అడగడం, పద్మ నా వైపు చెయ్యి చూపించడం, నేను పెరుగన్నంలో తల దూర్చడం. ఒకాయనైతే నా చేతులు పట్టుకుని, "ఎలా తట్టుకున్నారండీ?" అన్నాడు.

కాబట్టి తిరువూరు మెయిన్ సెంటరు సాక్షిగా, సుబ్బారావుగారి ఓఆర్ఎస్ సాక్షిగా, కళ్లు మూసుకున్న ఆ ఆవు సాక్షిగా ఇందుమూలంగా ప్రతిజ్ఞ చేస్తున్నాను: ఇంజను ఎక్కడుందో కళ్లారా చూడకుండా ఏ కారూ ఎక్కను. పైకప్పు ఉన్న బండికి పైకప్పు తీయను. మామిడికాయల గంప పక్కన కూర్చోవడం కంటే గొప్ప హోదా మనిషికి లేదని నమ్ముతాను. నా ప్రాణం ఉన్నంతవరకూ ఆవకాయ కాయలు నా పాత స్కూటరు మీదే తెస్తాను.

మళ్లీ మే నెల వచ్చిందని ఈ ప్రతిజ్ఞ కాగితం మీద రాసి, నిన్న ఇంట్లో అందరి ముందూ నిలబడి చదివాను. పద్మ చప్పట్లు కొట్టింది. మా అత్తగారు కూడా మొత్తం శ్రద్ధగా విన్నారు. ఇప్పుడు ఆవిడ నాతో నేరుగానే మాట్లాడతారు. ఒకసారి గేటు తెరుచుకున్నాక ఇక మూసుకోలేదు.

"చాలా బాగుందండీ అల్లుడుగారూ" అన్నారు. "అయినా రేపు రెడ్డిగూడెం వెళ్లేటప్పుడు ఒక ఉప్పు పొట్లం దగ్గర పెట్టుకోండి."